గుత్తా పోయి జీతం వచ్చింది: మొదటి సాలార్ జంగ్ జీవితం

మన బడిలో సాంఘిక శాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ సాలార్ జంగ్ పేరు తెలుసు. ఆయన సంస్కరణలు పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. జిల్లాబందీ, హాలీ సిక్కా, రైలు మార్గం, దార్-ఉల్-ఉలూం అని నాలుగు పాయింట్లు రాస్తే మార్కులు పడేవి. హైదరాబాదు విహారయాత్రకు పోయినప్పుడు ఆయన పేరే ఉన్న మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం ముందు గుంపులో నిలబడి చూసి వచ్చాం. పాయింట్లు గుర్తున్నాయి, గడియారం గుర్తుంది, మనిషి మాత్రం మనకు సరిగా పరిచయం కాలేదు.

ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆయన గురించి రాయడానికి ఒక కారణం ఉంది. మనలో ఎక్కువ మంది నెల జీతం మీద పెరిగిన పిల్లలం. ఎక్కడెక్కడి పల్లెల నుంచో మన నాయనలు గోదావరిఖనికి, రామగుండానికి వచ్చింది కొలువు కోసం. హాజరు పుస్తకంలో పేరు, నెల తిరిగితే చేతికి జీతం, పని ఎవరి దయ మీదా కాక ఒక నియమం మీద నడవడం, ఇవే మన ఇళ్లను నిలబెట్టాయి. ఈ గడ్డమీద సర్కారు పనిని గుత్తా నుంచి జీతానికి మార్చిన మొదటి పాలకుడు సాలార్ జంగ్. అదీ తాను గుత్తాల మీద, జాగీర్ల మీద బతికిన వర్గంలోనే పుట్టి ఆ పని చేశాడు. ఎంత దూరం చేశాడు, ఎక్కడ ఆగిపోయాడు అన్నది తెలుసుకోదగిన సంగతి.

దివాన్ల ఇంటి పిల్లవాడు

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. సాలార్ జంగ్ అన్నది బిరుదు. 1829లో బీజాపూర్‌లో పుట్టాడు. వాళ్లది తరతరాలుగా దివాన్లను ఇచ్చిన ఇల్లు. తాత మునీర్-ఉల్-ముల్క్ నిజాంకు దివాను. ఆ తాతకు పిల్లనిచ్చిన మీర్ ఆలం కూడా దివానే. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు ఆయన పేరు మీదనే ఉంది. పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ కూడా దివానుగా పనిచేశాడు. రాజ్యంలో పెద్ద జాగీరుదారుల లెక్క తీస్తే ఈ కుటుంబం ముందు వరుసలో ఉండేది.

తండ్రి చిన్నతనంలోనే పోవడంతో తురాబ్ అలీ ఆలనాపాలనా పినతండ్రి చూశాడు. చదువు ఇంట్లోనే సాగింది. అరబ్బీ, ఫారసీ నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అమీర్ల ఇళ్లలో ఇంగ్లీషు నేర్చుకోవడం అరుదు. ఆయన అదీ నేర్చుకున్నాడు. 1848లో, పంతొమ్మిదేళ్ల వయసులో, తెలంగాణలో కొంత భాగానికి తాలూక్దారుగా నియమించారు. అప్పటికి తాలూక్దారు అంటే శిస్తు వసూలు చేసే పెద్ద. ఊళ్లలో శిస్తు ఎలా వసూలవుతుందో, వసూలైన దానిలో ఎంత ఖజానాకు చేరుతుందో దగ్గరగా చూసే అవకాశం ఆ కుర్రవాడికి అప్పుడే దొరికింది.

ఖాళీ ఖజానా

1853 మే నెల హైదరాబాదు చరిత్రలో చెడ్డ నెల. సైన్యం ఖర్చు కింద బాకీ పడ్డారంటూ గవర్నర్ జనరల్ డల్హౌసీ నిజాం నాసిరుద్దౌలా మీద ఒత్తిడి పెట్టి, మే 21న ఒడంబడిక రాయించుకున్నాడు. పత్తి పండే సారవంతమైన బేరార్, దానితో పాటు రాయచూర్ అంతర్వేది, ఉస్మానాబాద్ ప్రాంతం కంపెనీ చేతికి పోయాయి. చిత్రమేమిటంటే, ఆ ఖర్చు పెట్టింది హైదరాబాద్ కంటింజెంట్ అనే సేన మీద. అది నిజాం డబ్బుతో నడిచేది, ఇంగ్లీషు అధికారుల మాట వినేది. ఒడంబడిక జరిగిన కొద్ది రోజులకే దివాను సిరాజ్-ఉల్-ముల్క్ చనిపోయాడు. మే 31న ఆ కుర్చీలో ఇరవై నాలుగేళ్ల సాలార్ జంగ్ కూర్చున్నాడు.

కూర్చునే సరికి ఖజానాలో చిల్లిగవ్వ లేదు. అంతకు ముందు చందూలాల్ కాలం నుంచీ రాజ్యం అప్పుల మీదనే నడిచింది. పామర్ కంపెనీ వంటి షావుకార్ల దగ్గర ఎక్కువ వడ్డీకి అప్పులు తెచ్చారు. జీతాలు అందని అరబ్బు జమేదార్లు, షావుకార్లు తమ బాకీ కింద తాలూకాలను తాకట్టు పట్టుకుని, అక్కడి శిస్తు తామే వసూలు చేసుకునేవారు. రోహిల్లాల దోపిడీలు వేరు. ఒక్కో చోట ఒక్కో టంకసాల, ఒక్కో నాణెం. దివాను దస్కతు చెల్లుబాటు అయ్యే నేల నిజానికి చాలా తక్కువ.

ఆయన తొందరపడలేదు. ముందు తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించుకోవడం మొదలుపెట్టాడు. అరబ్బుల బాకీలను లెక్క కట్టి, తీర్చవలసింది తీర్చి, భూమి మీద వాళ్ల పట్టు వదిలించాడు. ఖర్చు తగ్గించాడు. రకరకాల నాణేల స్థానంలో హాలీ సిక్కాను ప్రవేశపెట్టాడు. ఈ పనులేవీ ఒక్క ఏడాదిలో అయినవి కావు. ఊరి పెద్ద అప్పుల ఇంటిని చక్కదిద్దినట్టు, ఒక్కో చిల్లు పూడ్చుకుంటూ పోయాడు.

గుత్తా నుంచి జీతానికి

పాత పద్ధతి ఎలా ఉండేదంటే, ఇంత మొత్తం కడతానని ఒప్పుకున్న వాడికి తాలూకాను గుత్తాకు ఇచ్చేవారు. గుత్తేదారు సర్కారుకు కట్టేది కట్టి, మిగిలింది వేసుకునేవాడు. వచ్చే ఏడు గుత్తా తనకే ఉంటుందన్న భరోసా అతనికి లేదు. అందుకే ఈ ఏడే పిండుకునేవాడు. పంట పండిందా, ఎండిందా అన్నది అతనికి పట్టదు. రైతు ఊరు వదిలి పారిపోతే నష్టం వచ్చే ఏటి గుత్తేదారుది, తనది కాదు. రైతుకూ, సర్కారుకూ మధ్య ఎవరికీ జవాబు చెప్పనక్కర లేని మనిషి నిలబడి ఉండేవాడు.

సాలార్ జంగ్ ఈ మధ్య మనిషిని తీసేసే పని పెట్టుకున్నాడు. గుత్తా తాలూక్దారుల స్థానంలో నెల జీతం మీద పనిచేసే తాలూక్దారులను వేశాడు. 1864లో రెవెన్యూ బోర్డు ఏర్పడింది. 1865లో జిల్లాబందీ వచ్చింది. రాజ్యాన్ని జిల్లాలుగా, జిల్లాలను తాలూకాలుగా విడదీసి, జిల్లాకు అవ్వల్ తాలూక్దారును, తాలూకాకు తహసీల్దారును పెట్టారు. శిస్తును ధాన్యం రూపంలో పంచుకునే పద్ధతి తగ్గించి రొక్కంలోకి మార్చారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలు చూడటానికి నలుగురు సదర్-ఉల్-మహాములను నియమించారు. 1869లో నిజాం రాజ్యానికి సొంత తపాలా బిళ్ల వచ్చింది. 1875 నుంచి భూమి కొలిచి శిస్తు నిర్ణయించే సర్వే, సెటిల్‌మెంటు పని మరాఠ్వాడా వైపు నుంచి మొదలైంది.

మన ప్రాంతం ఆ జిల్లాబందీలో ఎలగందుల జిల్లా కిందికి వచ్చింది. మానేరు ఒడ్డున కొండమీద కోట ఉన్న ఎలగందుల అప్పటి జిల్లా కేంద్రం. తరవాత 1905 నాటికి కరీంనగర్ పేరుతో జిల్లా స్థిరపడింది. మన పెద్దలు ఇప్పటికీ వాడే తహసీలు, పేష్కారు, జమాబందీ, పహాణీ, నకలు వంటి మాటలన్నీ ఆనాటి దఫ్తరాల నుంచి ఊళ్లలోకి దిగి వచ్చినవే.

చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జీతం మీద పనిచేయాలంటే లెక్క రాసే వాడు కావాలి, కాగితం చదివే వాడు కావాలి. 1850లలోనే హైదరాబాదులో దార్-ఉల్-ఉలూం పెట్టాడు. ఆ దశాబ్దం చివర్లో తాలూకాల్లో, జిల్లా కేంద్రాల్లో ఫారసీ బడి ఒకటి, స్థానిక భాషలో నడిచే బడి ఒకటి తెరవాలన్న ఏర్పాటు జరిగింది. 1870లలో అమీర్ల పిల్లలకు మదర్సా-ఎ-ఆలియా, ఇంజనీరింగు నేర్పే పాఠశాల వచ్చాయి. తెలుగు పిల్లవాడికి సర్కారు బడి తలుపు కొద్దిగా తెరుచుకున్నది అప్పుడే. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి మరో వందేళ్లు పట్టింది.

1857

ఆయన జీవితంలో అందరికంటే ఎక్కువగా వాదం నడిచే ఘట్టం ఇది. 1857 మేలో నాసిరుద్దౌలా చనిపోయి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. ఉత్తరాన సిపాయిల తిరుగుబాటు రగులుతోంది. హైదరాబాదు నగరంలో కూడా జనం ఉడికిపోతున్నారు. జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, నగర జనం కోఠీలోని రెసిడెన్సీ మీద దాడికి దిగారు. దాడి రాబోతోందని రెసిడెంటు డేవిడ్సన్‌కు ముందే కబురు పంపినవాడు సాలార్ జంగ్. రెసిడెన్సీ నిలబడింది, తిరుగుబాటు అణగిపోయింది. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర కాల్చివేతకు గురయ్యాడు. మౌల్వీని అండమానుకు పంపారు. మన గోదావరికి అవతల నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు చేసిన పోరాటం కూడా ఉరికంబంతోనే ముగిసింది.

దక్కను కూడా లేచి ఉంటే ఇంగ్లీషు వాళ్ల పరిస్థితి ఏమయ్యేదో అని చరిత్రకారులు ఇప్పటికీ అంటుంటారు. సాలార్ జంగ్ లెక్క వేరు. ఓడిపోతే హైదరాబాదు రాజ్యమే ఉండదని, నాలుగేళ్లుగా కూడదీసిన ఇల్లంతా కూలిపోతుందని భావించాడు. ఆ లెక్క తప్పని నిరూపించడం కష్టం. అయితే దానికి మూల్యం చెల్లించింది తుర్రెబాజ్ ఖాన్ వంటి వాళ్లు. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకునే ఆయనను చూడాలి. 1860లో ఇంగ్లీషు ప్రభుత్వం కృతజ్ఞతగా రాయచూర్, ఉస్మానాబాద్ ప్రాంతాలు తిరిగి ఇచ్చింది. 50 లక్షల బాకీ రద్దు చేసింది. బేరార్ మాత్రం ఇవ్వలేదు.

నగరంలో చాలా మంది ఆయనను క్షమించలేదు. 1859లో ఒకసారి, 1868లో మరొకసారి ఆయన మీద హత్యాయత్నం జరిగింది. రెండుసార్లూ బతికి బయటపడ్డాడు.

దివానే, కానీ గడప దాటరాదు

బయట రాజ్యమంతా తన దస్కతు మీద నడుస్తున్నా, అఫ్జలుద్దౌలా ఉన్నంత కాలం సాలార్ జంగ్ దాదాపు బందీలాగే బతికాడు. నిజాం అనుమతి లేనిదే ఇల్లు కదలడానికి వీల్లేదు. ఇంగ్లీషు వాళ్లు మెచ్చిన మంత్రి అంటే నిజాంకు అనుమానం. పాత అమీర్లకు తమ రాబడికి గండి కొట్టాడన్న కోపం. దివాను పదవి నుంచి తీసేయాలన్న ప్రయత్నాలు ఒకటికి రెండుసార్లు జరిగాయి.

1869లో అఫ్జలుద్దౌలా చనిపోయే నాటికి కొడుకు మహబూబ్ అలీ ఖాన్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. అప్పుడు సాలార్ జంగ్, అమీర్-ఎ-కబీర్ కలిసి రాజప్రతినిధులుగా రాజ్యం నడిపారు. ఆయన చేతులు కొంత విడిపడ్డది ఆ తరవాతే. ఉత్తర హిందుస్థానం నుంచి చదువుకున్న వాళ్లను పిలిపించాడు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ, చిరాగ్ అలీ వంటి వాళ్లు వచ్చి శాఖలు నడిపారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ కూడా హైదరాబాదుకు వచ్చింది ఈ కాలంలోనే.

పనులు చురుకుగా సాగాయి. కానీ పెద్ద కొలువులన్నీ బయటివాళ్లకే పోతున్నాయన్న బాధ స్థానికులలో మొదలైంది. ముల్కీ, గైర్ ముల్కీ అన్న తగాదాకు విత్తనం పడింది అప్పుడే. అది నిజాం కాలమంతా రగిలి, 1952లో విద్యార్థుల ఉద్యమమై, 1969లో తెలంగాణ అంతటా మంటై లేచింది. మంచి పని కోసం వేసిన అడుగే ఇంకో తరానికి గాయమవడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

రైలు వచ్చింది, బొగ్గు దొరికింది

బొంబాయి, మద్రాసు పెద్ద లైను మీద ఉన్న వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం వేయడానికి 1870లో ఒప్పందం కుదిరింది. 1874 అక్టోబరులో రైలు నడిచింది. ఆ మార్గం ఖర్చు హైదరాబాదు రాజ్యానిదే. ఈలోగానే 1871లో, భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర సింగరేణి ఊరి పరిసరాల్లో బొగ్గు ఉందని తేల్చాడు. అంటే మన జీవితాలను నిర్ణయించిన రెండూ, రైలూ బొగ్గూ, సాలార్ జంగ్ ఏలుబడిలో మూడేళ్ల తేడాతో వచ్చాయి.

బొగ్గు తవ్వడం ఆయన చూడలేదు. ఆయన పోయిన మూడేళ్లకు, 1886లో, కొడుకు లాయిక్ అలీ ఖాన్ దివానుగా ఉన్నప్పుడు, గనుల హక్కును హైదరాబాద్ దక్కన్ కంపెనీ పేరుతో లండన్ మదుపుదారులకు ఇచ్చారు. ఆ వాటాల వ్యవహారంలో జరిగిన గోల్‌మాలు మీద 1888లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీయే విచారణ జరిపింది. 1889లో ఇల్లెందులో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. తండ్రి భూమి శిస్తును గుత్తా నుంచి తప్పిస్తే, కొడుకు కాలంలో భూమి కింది సంపద గుత్తాకు పోయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, 1945లో రాజ్యం చేతికి వచ్చే దాకా ఆ కథ నడిచింది. కాజీపేట, బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయి మన రామగుండం మీదుగా బండ్లు పోవడం, 1960లలో ఇక్కడ గనులు తెరుచుకుని గోదావరిఖని పుట్టడం ఆ తరవాతి అధ్యాయాలు.

బేరార్ కోసం లండన్ దాకా

సాలార్ జంగ్ జీవితాంతం వదలని ఒక్క కోరిక బేరార్. తాను పదవి ఎక్కేముందు పోయిన ఆ నేలను తిరిగి తేవాలి. ఉత్తరాలు రాశాడు, లెక్కలు చూపాడు, బదులుగా ఏర్పాట్లు చేస్తానన్నాడు. కలకత్తాలో వినేవాడు లేకపోతే, 1876లో స్వయంగా ఇంగ్లండు బయలుదేరాడు. దారిలో రోమ్‌లో ఆగినప్పుడు కొన్న పాలరాతి బొమ్మే మనం మ్యూజియంలో చూసిన మేలిముసుగు రెబెకా. రాతిలో పలచని గుడ్డ కనిపించేలా చెక్కిన ఆ బొమ్మ ముందు మనందరం నోరు తెరిచి నిలబడిన వాళ్లమే. పారిస్‌లో హోటలు మెట్ల మీద జారి కాలు విరిగింది. ఆ కాలితోనే లండన్ చేరాడు. విక్టోరియా రాణి దర్శనమిచ్చింది. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. లండన్ నగరం సన్మానం చేసింది. విందులు, పొగడ్తలు అన్నీ దొరికాయి. బేరార్ దొరకలేదు.

తిరిగి వచ్చాక పరిస్థితి ఇంకా బిగిసింది. వైస్రాయి లిట్టన్‌కు ఆయన పట్టుదల నచ్చలేదు. 1877లో, ఆయనకు ఇష్టం లేని మనిషినే సహ రాజప్రతినిధిగా పక్కన కూర్చోబెట్టారు. 1857లో కాపాడిన చేతికి ఇరవై ఏళ్ల తరవాత దొరికిన బహుమతి అది.

1883 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి మెక్లెన్‌బర్గ్ డ్యూక్ ఒకరు హైదరాబాదు చూడటానికి వచ్చారు. అతిథి కోసం మీర్ ఆలం చెరువు మీద పడవ షికారు ఏర్పాటు చేశారు. ఆ వెంటనే సాలార్ జంగ్‌కు కలరా సోకింది. ఫిబ్రవరి 8న చనిపోయాడు. అప్పటికి యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్ల దివానుగిరి అంతటితో ముగిసింది. పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది.

ఆగిపోయిన చోటు

ఆయన చేసినది తక్కువ కాదు. కానీ జిల్లా కచేరీ దాకా వచ్చిన మార్పు ఊరి గడి ముందు ఆగింది. వసూలు గుత్తాలు పోగొట్టుకున్న దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు రుసుము రూపంలో పరిహారం ఏర్పాటు చేశారు. వాళ్ల దగ్గర ఊరి లెక్కల మీద పట్టు అలాగే ఉంది. సర్వే, సెటిల్‌మెంటు జరిగిన కాలంలో మంచి భూములు తమ పేర రాయించుకున్నది వాళ్లే. రైతుకు తెలియకుండానే తాను దున్నే చెలక ఇంకొకరి పట్టా అయింది. రాజ్యంలో దాదాపు మూడో వంతు నేల జాగీర్ల కింద ఉండిపోయింది. అక్కడికి దివానీ చట్టం సరిగా పోలేదు. సాలార్ జంగ్ సొంత జాగీరు కూడా అందులోదే. రాజ్యాన్ని సరిచేసిన మనిషి, తన వర్గం ఆస్తి మీద చేయి వేయలేకపోయాడు. వెట్టి, గడి, దొర అన్న మాటలు మరో రెండు తరాలు మన తాతల నెత్తిన కూర్చున్నాయి. 1946 నుంచి సాగిన రైతాంగ పోరాటం ఆ మిగిలిపోయిన పని కోసమే.

1949 మార్చిలో ఆయన మనవడు, మూడో సాలార్ జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ వారసులు లేకుండా చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో ఆ ఇంటి వస్తువులు మ్యూజియమై అందరివీ అయ్యాయి. జాగీరు పోయింది, పేరు మిగిలింది. ఆ పేరు కూడా ఎక్కువ మందికి మనవడు సేకరించిన బొమ్మల వల్లే తెలుసు, తాత ఏర్పరచిన తహసీలు వల్ల కాదు.

ఇప్పుడు మన గనుల దగ్గర, ప్లాంటుల దగ్గర పర్మినెంటు, కాంట్రాక్టు అన్న రెండు మాటల మధ్య ఉన్న తేడా ఈ సంచిక చదివే ప్రతి ఇంటికీ తెలుసు. ఒకే పని, ఒకే దుమ్ము, ఒకే షిఫ్టు. ఒకరికి స్లిప్పు మీద లెక్క ఉంటుంది, ఇంకొకరికి గుత్తేదారు మాట ఉంటుంది. పని చేయించుకునే వాడికీ, చేసే వాడికీ మధ్య జవాబు చెప్పనక్కర లేని మనిషి నిలబడితే ఏమవుతుందో నూట డెబ్బై ఏళ్ల కిందట ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు ఒకడు గ్రహించాడు. గ్రహించి, సగం దూరం నడిచాడు. మన బడి నుంచి వెళ్లి ఆఫీసర్లైన వాళ్లు, యూనియన్లలో ఉన్నవాళ్లు, సొంతంగా పదిమందికి పని ఇస్తున్న వాళ్లు మనలో చాలా మంది ఉన్నారు. మిగిలిన సగం దూరం వాళ్ల చేతుల్లోనే ఉంది.